చూద్దాం తియ్ అన్న మనిషి

సూరత్‌లోని పర్వత్ పాటియాలో చీరల పార్శిళ్ళు కట్టే దుకాణం పైన 'ఉషాదేవి, ప్రైవేటు దర్యాప్తులు' అని ఒక బోర్డు ఉంది. ఆ బోర్డు చూసి మెట్లెక్కేవాళ్ళలో సగం మంది పార్శిలు రేటు కనుక్కోవడానికి వచ్చేవాళ్ళే. అందుకే ఆ ఉదయం చెప్పుల చప్పుడు వినపడగానే ధీరజ్ తలెత్తకుండా "కింద, కింద" అన్నాడు.

"కిందికి కాదు సార్. మేడం కోసమే వచ్చిన" అంది గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషి. ఆమె వేళ్ళకి చీరల మీద రాళ్ళు అంటించే జిగురు ఎండిపోయి ఉంది. మాస్కు పైన కనపడుతున్న కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి. కుర్చీ చూపించినా కూర్చోలేదు, గోడకి ఆనుకుని నిలబడింది.

ఉషాదేవి చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టింది. యాభై దాటిన మనిషి, బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేసి చేసి, ఎవరి ఏడుపునీ వెంటనే నమ్మని, ఎవరి ఏడుపునీ తోసిపుచ్చని స్వభావం అబ్బింది. లాక్‌డౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం పోగొట్టుకుని ఆమె దగ్గర చేరిన ధీరజ్‌కి ఆ గుణం ఎంత గొప్పగా కనపడేదంటే, తానూ అలా చూడాలని అద్దం ముందు సాధన చేసేవాడు. ఫలితం మాత్రం నిద్ర చాలని మొహంలా ఉండేది.

"నా పేరు మంగ. కోసాడ్ క్వార్టర్లల్ల ఉంటం. మా ఆయన సంపత్‌ను పోలీసోళ్ళు పట్టుకపోయిన్రు మేడం. మొండన్నను నూకి చంపిండట. మా ఆయన కోపగొండి, గది నిజమే. గని మా పెండ్లికి పెద్దగ నిలబడ్డ మనిషిని ఎట్ల చంపుతడు?"

మొండయ్య పేరు వినగానే ధీరజ్ ఫోను పక్కన పెట్టేశాడు. ఆ వారమంతా ఉధ్నాలో, పర్వత్ పాటియాలో తెలుగువాళ్ళు ఏ టీ కొట్టు దగ్గర ఇద్దరు చేరినా అదే మాట. కరీంనగర్ నుంచి కుర్రతనంలో వచ్చి ముప్పై ఏళ్ళు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి మొండయ్య. లాక్‌డౌన్ ఎండాకాలంలో కార్ఖానాలకి తాళాలు పడి, పనివాళ్ళు తిండి లేక రోడ్డున పడినప్పుడు ఏ పార్టీ నాయకుడూ తలుపు తీయలేదు. ఆ కోపంలోంచే, సాంచెలు మళ్ళీ తిరగడం మొదలయ్యాక, మూడు యూనియన్లు కలిసి సొంతంగా ఒక పార్టీ పెట్టుకున్నాయి. సాంచెల యూనియన్, రంగు మిల్లుల యూనియన్, బట్టల మార్కెట్లో మూటలు మోసేవాళ్ళ యూనియన్. పేరు మెహనత్ పార్టీ, అంటే కాయకష్టం చేసేవాళ్ళ పార్టీ. అధ్యక్షుడు మొండయ్య.

దాని పద్ధతులు దానివే. యూనియన్ సభ్యుడు కానివాడికి పదవి లేదు. ఏ నిర్ణయమైనా చేతులెత్తి చెయ్యాలి. అన్నిటికన్నా విచిత్రమైన కట్టుబాటు ఇంకొకటుంది. ఏ యూనియనూ తన సొంత సంగతిని తన నోటితో సభ ముందు పెట్టకూడదు, వేరే యూనియన్ వాళ్ళే పెట్టాలి. ఒకరి కష్టం ఇంకొకరు మోస్తేనే అది పార్టీ అవుతుందని మొండయ్య వాదన. పెద్ద పార్టీలవాళ్ళు ఇది విని కడుపుబ్బా నవ్వుకున్నారు. కానీ మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడేసరికి ఆ నవ్వు తగ్గింది.

"మొన్న శుక్రవారం ఏం జరిగిందో మొదట్నించీ చెప్పమ్మా" అంది ఉషాదేవి.

"మధ్యాహ్నం మాస్కు గదుమ కిందికి గుంజుకున్నడని మా ఆయనకు జుర్మానా ఏసిన్రు. గా కోపం మీదనే పోయి మొండన్న తోటి కొట్లాట పెట్టుకున్నడు. మా వార్డుల నన్నెందుకు నిలబెట్టవు, పెద్దోనివైనవా, మనుషులు కనపడుతలేరా అని టీ కొట్టుకాడ అందరి ముంగట ఒర్రిండు. మొండన్న గుడ తగ్గలే, మాటకు మాట అన్నడు. పొద్దూకినంక మా ఆయన తప్పయింది అని చెప్పనీకి ఆఫీసుకు పోయిండు. పంక తిరుగుతున్నది, కుర్చీల మనిషి లేడు. ఇంటికి పోయిండనుకొని దిగి వచ్చిండు. పాళీ మారేటప్పుడు ఎనుక గల్లీల, ఇనుప మెట్ల కింద మొండన్న పీనుగ దొరికింది."

"సంపత్‌కి ముందు పైకి ఎవరు వెళ్ళారు?"

"రంగు మిల్లుల పరమేశన్న. ఆయన పోయినప్పుడు మొండన్న బతికే ఉన్నడట, మాట్లాడిండట. దిగుతుంటే మా ఆయన ఎదురు వచ్చిండట. గదే రాపిచ్చిండు ఠాణాల." మంగ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆయన్ను తప్పు పట్టలేను మేడం. ఊరంత మమ్ముల వెలేసినట్టు చూస్తుంటే పరమేశన్న ఒక్కడే ఇంటికి బియ్యం తెచ్చిచ్చిండు. రేపు మా ఆయన మీద కేసు రాసేస్తే ఇగ బయటికి రాడు. సాంచెలోళ్ళు, రంగోళ్ళు అప్పుడే ఒకల మొహాలు ఒకలు చూస్తలేరు. పార్టీ గుడ పోతది, మా బతుకు గుడ పోతది."

ఉషాదేవి లేచి చెప్పులు వేసుకుంది. కేసు తీసుకుంటున్నానని చెప్పడం ఆమెకి అలవాటు లేదు.

*

పార్టీ ఆఫీసు ఉధ్నాలో ఒక సాంచెల కార్ఖానా పై అంతస్తు. కింద మగ్గాలు తిరుగుతుంటే గోడలు, గాజు గ్లాసులు, మనిషి పళ్ళు కూడా అదురుతాయి. లోపలికి అడుగు పెట్టగానే ధీరజ్‌కి తల మీద ఎవరో రోకళ్ళతో దంచుతున్నట్టు అనిపించింది. ఆ మోతలోనే నాలుగు సాంచెల మధ్య తిరుగుతూ తెగిన దారం ముడివేస్తున్నాడు సాంబయ్య. మొండయ్యతో పాటు ఒకే రైల్లో సూరత్ వచ్చినవాడు, వెనక గల్లీలో శవాన్ని మొదట చూసినవాడు.

"సాంబయ్యా, ఆ రోజు గల్లీలోకి ఎందుకు వెళ్ళావు?" అని ఉషాదేవి గట్టిగా అడిగింది.

సాంబయ్య నవ్వుతూ తల ఊపాడు. "గట్లనే బిడ్డా, గట్లనే" అన్నాడు.

పాపం, దుఃఖంతో మనిషి మతి తప్పినట్టున్నాడనుకున్నాడు ధీరజ్. ఉషాదేవి సాంబయ్య భుజం తట్టి, బయటి టీ కొట్టు వైపు చెయ్యి చూపించింది. అక్కడ ముగ్గురూ బెంచీ మీద ఎదురెదురుగా కూర్చుని, మాస్కులు తీసి టీ తాగారు. అదే ప్రశ్న మళ్ళీ అడిగితే సాంబయ్య శుభ్రంగా చెప్పాడు. పాళీ మారే ముందు దారం చెత్త పారేయడానికి గల్లీలోకి వెళ్ళాడట. మొండయ్య చెయ్యి పట్టి చూస్తే చల్లగా ఉందట. పక్కన సగం కాలిన బీడీ ఉందట.

"మూడు సాంచెలు అవతల ఉన్నా మేమిద్దరం ముచ్చట పెట్టుకుంటుంటిమి బిడ్డా. గా మోతల గూడ ఏనాడు ఒర్రవలసిన పని లేకుండె. గసొంటోడు పార్టీ పెట్టినంక నాతోటి గుడ సక్కగ మాట్లాడుడు బందు చేసిండు. నేను గుడ పట్టించుకోలే. ఇద్దరం మొండోళ్ళమే" అన్నాడు సాంబయ్య.

మూటల యూనియన్ నాయకుడు బ్రహ్మచారి వాళ్ళని ఆఫీసు మెట్ల దగ్గరే పట్టుకున్నాడు. శుక్రవారం సాయంత్రం అతను మార్కెట్లో లారీ మీద నిలబడి మూటలు ఎక్కిస్తున్నాడు. చూసినవాళ్ళు వంద మంది ఉన్నారు. ఆ సంగతి వాళ్ళు అడక్కముందే రెండుసార్లు చెప్పాడు.

"చచ్చినోని మీద చెప్పొద్దు గని మేడం, అధ్యక్షుడైనంక మొండయ్యకు మస్తు గర్వం వచ్చింది. ఎదురుంగ నిలబడి అడిగినా నవ్వుకుంట 'చూద్దాం తియ్' అంటుండె. పెద్ద లీడర్ల లెక్క. కొందరినైతే 'ముందుగాల మూతి గుడ్డ తీసి మాట్లాడు' అని గదమాయిస్తుండె. కరోనా రోజులల్ల గదేం మాట? మా ముసలోళ్ళు ఎంత బాధపడ్డరో!"

"పరమేశ్‌ని కూడా అలా గదమాయించాడా?"

బ్రహ్మచారి తల అడ్డంగా ఊపాడు. "లేదు. పరమేశ్ కథ వేరే. ఆయన కొడుకు గంగరాజు, మిల్లుల రంగు మిషన్ మూత పేలి చచ్చిపోయిండు. మిల్లులు తెరిచిన కొత్తల. మిషన్ బాగు చెయ్యకుంటనే నడిపిచ్చిన్రు. కొడుకును గుంజబోయి పరమేశ్ మొహం గుడ కాలింది. అప్పటిసంది ఎవ్వరి ముంగట గుడ్డ తియ్యడు. తియ్యమని అడిగేటి ధైర్యం ఎవరికి ఉంటది?"

"ఆ మిల్లు ముందు పార్టీ ధర్నా చేసిందా?"

"ఆ సంగతి సభల ఎవ్వరు పెట్టలే" అన్నాడు బ్రహ్మచారి, చూపు పక్కకి తిప్పుకుని.

ఆఫీసు గదిలో ఒక బల్ల, గుమ్మానికి ఎదురుగా మొండయ్య కుర్చీ, వెనక తలుపు. ఆ తలుపు తీస్తే చిన్న ఇనుప అరుగు, మోకాలెత్తు కూడా లేని కడ్డీ, నిటారుగా దిగే మెట్లు. మొండయ్య బీడీ కాల్చుకునేది అక్కడే. ఉషాదేవి ధీరజ్‌ని ఆ కుర్చీలో కూర్చోబెట్టి తాను ముందు గుమ్మంలోకి వెళ్ళింది. మాస్కు పైన ఆమె కళ్ళు ఒకసారి చిన్నవయ్యాయి.

"ఏమన్నారు మేడం?" అని అరిచాడు ధీరజ్.

"ఏం లేదు. పద" అంది ఆమె, దగ్గరికి వచ్చి.

పరమేశ్ పాళీ దిగి మిల్లు గేటు బయట వాళ్ళ కోసం నిలబడ్డాడు. పొడుగాటి మనిషి. కళ్ళ కిందనుంచి మెడ దాకా గుడ్డ చుట్టుకున్నాడు. ఉషాదేవి ప్రశ్నలు అడుగుతున్నంతసేపూ అతను ఆమె చెప్పుల వైపే చూశాడు.

"శుక్రవారం పొద్దూకినంక పోయిన. తెల్లారి మీటింగు ఉండె. లోపటికి పోలే, గుమ్మంల నిలబడే 'రేపు జెండాలు ఎవ్వరు తెస్తరన్నా' అని అడిగిన. 'సాంచెలోళ్ళు తెస్తరు, నువ్వు తిప్పలపడకు' అన్నడు. దిగి వచ్చిన. మెట్లకాడ సంపత్ ఎదురయ్యిండు."

"గుడ్డ తీసి అడిగారా?"

పరమేశ్ మొదటిసారి తలెత్తాడు. "గుడ్డ తీస్తే పిల్లలు జడుసుకుంటరు మేడం. నేను ఎన్నడు తియ్య."

"మంగ ఇంటికి బియ్యం ఎందుకు ఇచ్చారు?"

"ఆమె ఏం తప్పు చేసింది?" అని అతను గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

ఆ జవాబుకి ధీరజ్ మనసు కరిగిపోయింది. ఇంత మంచి మనిషి చెప్పిన సాక్ష్యం సంపత్‌కి ఉరితాడు అయి కూర్చుంది కదా అని బాధపడ్డాడు. దారి పొడుగునా అదే మాట అంటూ వచ్చాడు.

చివరగా మొండయ్య ఇంటికి వెళ్ళారు. ఒకటే గది. నర్సవ్వ మంచం పట్టె మీద కూర్చుని ఉంది. ఏడవడానికి ఓపిక కూడా మిగలని మనిషిలా ఉంది.

"గర్వమా? మా ఇంటాయనకా?" అంది ఆమె. "బయట ఎట్లుండెనో నాకెర్క లేదు గని ఇంట్ల ఎప్పటి లెక్కనే ఉండె అమ్మా. నేను పొయ్యి కాడ అటు మళ్ళి కూసొని చెప్పితే పలుకకపోతుండె, గది పెండ్లైన కాడ్నించి అలవాటే. ఎదురుంగ కూసొని చెప్పితే అన్ని మాట్లాడుతుండె. మనుమరాలి తోటి అంతాక్షరి ఆడుతుండె. 'బయట నాకు మనుషులు అందుతలేరే నర్సవ్వా' అని ఓనాడు అన్నడు. ఏందో పార్టీ బాధ అనుకున్న."

బయటికి వచ్చాక ఉషాదేవి చాలాసేపు ఆటోల వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆమె మొహంలో ఎప్పుడూ కనపడే చురుకు లేదు.

"దొరికిందా మేడం?" అని అడిగాడు ధీరజ్.

"దొరికింది. దొరక్కపోయినా బాగుండేది" అంది ఆమె.

*

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసు గదిలో అందరూ చేరారు. మంగ, నర్సవ్వ, బ్రహ్మచారి, పరమేశ్, సాంబయ్య. ఠాణా ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు, అయిష్టంగానే. కరీంనగర్ జిల్లాలో పుట్టి పెరిగిన తండ్రి ఉన్నాడు కాబట్టి అతనికి తెలుగు అర్థమవుతుంది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోడు. కింద సాంచెలు మామూలుగానే తిరుగుతున్నాయి. ఇన్‌స్పెక్టర్ వాటిని ఆపించమన్నాడు. ఉషాదేవి వద్దంది.

ఆమె సాంబయ్యని మొండయ్య కుర్చీలో కూర్చోబెట్టింది. తాను బల్లకి ఇవతల, మాస్కు సరిచేసుకుని నిలబడింది. అందరికీ వినపడేంత గొంతుతో మాట్లాడింది.

"సాంబయ్యా, నీకో చెడ్డ కబురు. మీ అల్లుడు పొద్దున మిల్లులో కాలిపోయాడట. శవాన్ని గేటు బయట పడేశారట. మనం ఏదైనా చెయ్యాలి."

మంగ అయ్యో అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బ్రహ్మచారి లేచి నిలబడ్డాడు.

సాంబయ్య ఉషాదేవి కళ్ళలోకి మర్యాదగా చూశాడు. చక్కగా నవ్వాడు. "గట్లనే తియ్ బిడ్డా, గట్లనే" అన్నాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. ఉషాదేవి మాస్కు కిందికి లాగి, సాంబయ్య ముందు చేతులు జోడించింది. "క్షమించు. మీ అల్లుడికి ఏమీ కాలేదు, నిక్షేపంగా ఉన్నాడు. నీ చెవులు పరీక్షించడానికి అబద్ధం ఆడాను." ఈసారి సాంబయ్య ప్రతి మాటా అందుకున్నాడు. కంగారుగా అందరి మొహాలూ చూశాడు.

"ముప్పై ఏళ్ళు ఈ మోతలో పని చేస్తే ఏ చెవులు మిగులుతాయి?" అంది ఉషాదేవి. "సాంచెల మధ్య ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని అందరూ ఎదుటివాడి పెదాలు చూసి మాట అందుకుంటారు. ఆ అలవాటు ఎంత ముదిరిపోతుందంటే, తాము వింటున్నామనే అనుకుంటారు తప్ప చూస్తున్నామని వాళ్ళకే తెలియదు. మొండయ్యకీ తెలియదు. తర్వాత కరోనా వచ్చింది. ఊరంతా మూతులు కప్పుకుంది. సరిగ్గా అప్పుడే పార్టీ పుట్టింది, ఆయన అధ్యక్షుడయ్యాడు. మీరందరూ పదవి వచ్చాక మారిపోయాడు అన్నారు. మాస్కు వచ్చాక మారిపోయాడని ఒక్కరికీ తట్టలేదు."

"మూతి గుడ్డ తీసి మాట్లాడమనుడు గందుకేనా!" అన్నాడు బ్రహ్మచారి. అలాగే కూలబడ్డాడు.

"అందుకే. తియ్యమనడానికి మొహమాటం పడిన చోట నవ్వి 'చూద్దాం తియ్' అనేవాడు. వినపడనివాళ్ళకి ఆ నవ్వు తప్ప వేరే దారి లేదు. ఆ శుక్రవారం సంపత్‌తో మాటకి మాట దెబ్బలాడాడు, ఎందుకంటే సంపత్ మాస్కు గడ్డం కిందే ఉంది. జరిమానా పడింది కూడా అందుకే."

ఇన్‌స్పెక్టర్ విసుక్కున్నాడు. "చెవిటివాడైతే అయ్యాడు, సంపత్ నెట్టలేదని ఎలా తెలుస్తుంది?"

"చివరిసారి మాట్లాడానన్న మనిషి అబద్ధం చెప్పాడు కాబట్టి." ఉషాదేవి పరమేశ్ వైపు తిరిగింది. "ఆ గుమ్మంలోంచి నేను మాస్కుతో మాట్లాడితే మంచి చెవులున్న ఈ కుర్రాడికే వినపడలేదు. మీరు గుడ్డ తియ్యలేదని మీరే చెప్పారు. జెండాల మాట అడిగితే మొండయ్య అంత పొందికగా జవాబు ఎలా చెప్పాడు పరమేశ్? ఆ సంభాషణ జరగలేదు. ఆయన బతికి ఉండగా వచ్చేశానని నమ్మించడానికి మీరు కల్పించారు. మెట్ల దగ్గర సంపత్ కనపడేసరికి నేరం వెళ్ళి అతని మీద కూర్చుంది. కుర్చీ ఖాళీగా ఉందని అతను చెప్పింది నిజం. అప్పటికే మొండయ్య కింద గల్లీలో ఉన్నాడు."

పరమేశ్ గుడ్డ పైన కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. అవి సాంబయ్య మొహం మీదనుంచి కదలడం లేదు. ఇందాకటి నవ్వు ఇంకా అక్కడే ఉన్నట్టు అటే చూస్తున్నాడు.

"మీ పార్టీ కట్టుబాటు ప్రకారం కొడుకు సంగతి మీ నోటితో సభలో పెట్టకూడదు" అని ఉషాదేవి మెల్లగా కొనసాగించింది. "సాంచెలవాళ్ళో మూటలవాళ్ళో పెట్టాలి. మీరు మొండయ్యని అడిగారు, అవునా?"

"మూడుసార్లు" అన్నాడు పరమేశ్. "మూడుసార్లు అడిగిన. నా కొడుకు కోసం గా మిల్లు గేటు ముంగట కూసుందామన్నా, సభల నువ్వు పెట్టన్నా అని. మూడుసార్లు నవ్విండు. చూద్దాం తియ్ అన్నడు. శుక్రవారం బీడీ తాగనీకి ఎనుకకు పోయిండు. ఎంబడి పోయి కాళ్ళు పట్టుకున్నంత పని చేసిన. గంగరాజు చెయ్యి నా చెయ్యిల ఎట్ల ఊడి వచ్చిందో చెప్పిన మేడం, ఎవ్వరికీ చెప్పని ముచ్చట. గది విని గుడ నవ్విండు." అతను రెండు చేతులూ ముందుకి చాపి చూపించాడు. "నూకిన. చంపాలని కాదు. గా నవ్వు చూడలేక నూకిన. కడ్డి మీదికెళ్ళి పడ్డడు."

"వినలేదు పరమేశ్. ఒక్క మాట కూడా వినలేదు" అంది ఉషాదేవి.

నర్సవ్వ గోడ పట్టుకుని లేచింది. ఆమె కోపంతో తిడుతుందని ధీరజ్ అనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆయన రోజు నీ కొడుకు పేరు తీస్తుండె పరమేశూ" అంది నర్సవ్వ. "గంగరాజు ముచ్చట సభల పెట్టాలె, గని పరమేశ్ నోరు తెరిచి అడుగుతలేడు, ఆయన మనసుల ఏమున్నదో, అడగకుంట పెడితే నొచ్చుకుంటడేమో అని బుగులు పడుతుండె. నీ నోటి మాట కోసమే చూసిండు."

పరమేశ్ నేల మీద కూర్చుండిపోయాడు. అతని నోట్లోంచి వచ్చినది ఏడుపని ధీరజ్‌కి వెంటనే తెలియలేదు. కాసేపటికి అతను మెడ వెనక చేతులు పెట్టి గుడ్డ ముడి విప్పాడు. గడ్డం, పెదాలు, ఒక చెంప ముడుచుకుపోయి నున్నగా మెరుస్తున్నాయి. ఎవరూ చూపు తిప్పుకోలేదు. అతను ఇన్‌స్పెక్టర్ వైపు కాక సాంబయ్య వైపు తిరిగి, మాట మాట విడదీసి చెప్పాడు.

"సాంబన్నా, మొండన్నను చంపింది నేనే."

సాంబయ్య ఆ పెదాలు చూశాడు. అతని మొహంలో నవ్వు లేదు. రెండు చేతులతో తల పట్టుకుని బల్ల మీదికి వాలిపోయాడు.

సంపత్‌ని రేపు కోర్టులో హాజరుపరిచి వదిలేయిస్తానని ఇన్‌స్పెక్టర్ మంగతో చెప్పాడు. ఆమె సరే అని తల ఊపింది కానీ ఆ కబురుకి సంతోషపడే వీలు అక్కడ ఎవరికీ దొరకలేదు. ఉషాదేవి కిటికీ దగ్గర నిలబడి మాస్కు మళ్ళీ పైకి లాక్కుంది. తన మేడం కళ్ళు తడిగా ఉండడం ధీరజ్ అదే మొదటిసారి చూడడం.

పరమేశ్‌ని కిందికి దించేసరికి ఇంకా పాళీ మారలేదు, సాంచెలు దడదడ కొట్టుకుంటున్నాయి. కార్ఖానా తలుపు తెరిచి ఉంది. పరమేశ్‌ని జీపు ఎక్కించారు. అందరూ రోడ్డుకి ఇవతలే ఆగిపోయారు. జీపు కదలబోతుండగా అతను కడ్డీల వెనక నుంచి ఏదో అడిగాడు. ఆ మోతలో మాట గాలిలోనే పోయింది. బ్రహ్మచారి చెవికి చెయ్యి ఆనించాడు. ధీరజ్ ముందుకి వంగాడు. ఒక్కరికీ అందలేదు.

"పెడ్తం!" అని అరిచాడు సాంబయ్య. "మేమే పెడ్తం పరమేశూ! ఎల్లుండి సభలనే పెడ్తం!"

జీపు మలుపు తిరిగింది. ఏమడిగాడని బ్రహ్మచారి సాంబయ్య మొహానికి ఎదురుగా వచ్చి, మాస్కు తీసి అడిగాడు.

"కొడుకు ముచ్చట ఇప్పుడైనా సభల పెడ్తరా అని అడిగిండు" అన్నాడు సాంబయ్య. "చేతులు ఎందరు ఎత్తుతరో నాకెర్క లేదు. మొండన్న పేరు చెప్పి పెడ్త."

నర్సవ్వ అప్పటికే ఇంటి దారి పట్టింది. మంగ జిగురు వేళ్ళతో కళ్ళు తుడుచుకుని సాంబయ్య ముందుకి వచ్చింది. తన మాస్కు కూడా కిందికి లాగింది.

"రేపు మా ఆయన ఇంటికి వస్తడు కద" అంది. "ఆయన గుడ చెయ్యెత్తుతడు. ఎత్తకపోతే నేను అడుగుత."

సాంబయ్య సరేనని తల ఊపి, ఆగిపోయిన తన సాంచెల దగ్గరికి లోపలికి వెళ్ళాడు.